‘ఐపీ పెట్టాడు’ అంటే అసలు అర్థం ఏమిటి?

నమస్కారం. మొన్న నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు వెళ్లినప్పుడు టీ కొట్టు దగ్గర మళ్లీ అదే మాట చెవిన పడింది. “అతనికేం, చెరువులున్నాయి, మేడ ఉంది. ఐపీ పెట్టి అందరి డబ్బూ ఎగ్గొట్టాడు.” ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో వేసే దివాలా దరఖాస్తు. ఆ ఒక్క మాటలో రెండు పొరపాట్లున్నాయి. ఆస్తి ఉన్నవాడు అప్పు తీర్చలేకపోవడం ఉండదన్నది ఒకటి. పిటిషన్ వేయగానే అప్పు మాఫీ అయిపోతుందన్నది రెండోది. వీటివల్ల నిజంగా చితికిపోయిన మనిషి దొంగ అనిపించుకుంటున్నాడు. డబ్బిచ్చినవాడు తనకు రావలసిన వాటాను కూడా వదిలేసుకుంటున్నాడు. ఇది విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది.

రొయ్యల చెరువు సంగతే తీసుకుందాం. చెరువు నిండా నీళ్లున్నాయి. కానీ తెల్లవారుజామున కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయి. నీళ్లు తగ్గలేదు, నీళ్లలోని ప్రాణవాయువు తగ్గింది. రొయ్య పైకి తేలుతుంది, గంటల్లో పంట పోతుంది. ఆస్తి అంటే ఆ నీళ్లు. చేతిలో ఆడే డబ్బు ఆ ప్రాణవాయువు. “నీళ్లున్నాయి కదా, రొయ్య ఎందుకు చచ్చింది?” అని మన దగ్గర ఎవరైనా అడుగుతారా? అప్పుల విషయంలో మాత్రం అదే ప్రశ్న అడుగుతున్నాం.

ఒక రైతుకు 60 లక్షల భూమి, 25 లక్షల అప్పు ఉన్నాయనుకోండి. మేత దుకాణానికి ఈ నెలాఖరుకు 8 లక్షలు కట్టాలి. చేతిలో ఉన్నది 40 వేలు. రొయ్య ఇంకా కౌంటుకు, అంటే అమ్మే సైజుకు రాలేదు, భూమికి కొనేవాడు దొరకలేదు. లెక్క వేస్తే అతను ధనవంతుడే. గడువు నాటికి మాత్రం తీర్చలేడు. బ్రిటన్ 1986 దివాలా చట్టం కంపెనీల విషయంలో ఈ రెండింటినీ విడదీసి చెప్పింది. గడువుకు వచ్చిన అప్పులను వచ్చినప్పుడు తీర్చలేకపోవడం ఒక పరీక్ష. మొత్తం ఆస్తి మొత్తం అప్పు కంటే తక్కువ కావడం మరో పరీక్ష. మొదటిది ప్రాణవాయువు కొలిచేది, రెండోది నీటిమట్టం కొలిచేది. ఏ ఒక్కదానిలో తప్పినా అశక్తత రుజువైనట్టే.

మన దేశంలో ముంబై, కోల్‌కతా, చెన్నై నగరాలు తప్ప మిగతా చోట్ల వ్యక్తులకు వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. ‘అప్పులు తీర్చలేని స్థితి’ అనే మాటను అది వాడుతుంది కానీ నిర్వచించదు, అదే నాకు పెద్ద లోటుగా కనిపిస్తుంది. పిటిషన్ వేయడానికి కనీస అప్పు 500 రూపాయలని ఆనాడు పెట్టిన అంకె ఇప్పటికీ అలాగే ఉంది. 2016 దివాలా కోడ్‌లో సాధారణ వ్యక్తుల కోసం వేరే భాగం రాశారు కానీ, కంపెనీ అప్పులకు హామీ ఉన్నవారి వరకే దాన్ని 2019 డిసెంబరులో అమలులోకి తెచ్చారు. కంపెనీల విషయంలో ఆ కోడ్ అశక్తత ప్రశ్ననే పక్కన పెట్టింది. కోటి రూపాయలు గడువుకు కట్టలేదా, అంతే చూస్తుంది.

ఇక్కడ ఇంకో తేడా ఉంది. మేత నాసిరకంగా ఉందని, అందువల్లే పంట పోయిందని రైతు నిజాయితీగా వాదిస్తూ డబ్బు ఆపితే అది తీర్చలేకపోవడం కాదు, తగాదా. 1971లో మధుసూదన్ గోర్ధన్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు కంపెనీల గురించి ఇదే చెప్పింది. అసలైన వివాదం ఉన్న అప్పును చూపి కంపెనీని మూయించలేరు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ మరో గీత గీశారు. ఉండీ దురుద్దేశంతో ఇవ్వనివాడు వేరు, లేక ఇవ్వలేనివాడు వేరు. పేదరికం వల్ల డిక్రీ సొమ్ము, అంటే కోర్టు కట్టమన్న డబ్బు కట్టలేనివాణ్ని జైలులో పెట్టడం కుదరదు. ఈ తీర్పు గురించి తెలియని అప్పులవాళ్లు ఎందరో ఊళ్లు విడిచి పోతున్నారు. అలా అప్పిచ్చినవాళ్లకు దొరక్కుండా ఇల్లు వదిలి పోవడమే 1920 చట్టం ప్రకారం దివాలా చర్య. దాన్ని చూపి అప్పిచ్చినవాళ్లే కోర్టుకు వెళ్లవచ్చు.

మరి ఐపీ పెడితే ఏమవుతుంది? పిటిషన్ వేసినంతలో ఏ అప్పూ పోదు. కోర్టు దివాలా ప్రకటిస్తే చెరువు రిసీవరు, అంటే కోర్టు నియమించే అధికారి చేతికి వెళ్తుంది. తూము తెరిచి పట్టుబడి చేసి అందరికీ పంచేది ఆయనే. ముందురోజు రాత్రి వల వేసి రొయ్య దాచుకుంటే? దానికీ చట్టంలో జవాబుంది. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో ఊరికే బావమరిది పేర రాసిన భూమిని వెనక్కి లాగవచ్చు. మూడు నెలల్లోపు కావాలని ఒక్కరికే ముందుగా కట్టి మిగతావారిని వదిలేసినా ఆ చెల్లింపు నిలవదు. ఆస్తి అమ్మితే రూపాయికి అర్ధరూపాయి కూడా రాకపోతే, అది తన తప్పు వల్ల కాదని చూపాలి. లేకపోతే అప్పుల నుంచి షరతులు లేని విముక్తి దొరకదు.

సమయం అయిపోతోంది, మిగిలినవి త్వరగా చెబుతాను. తాకట్టు పెట్టించుకున్న బ్యాంకు తన తాకట్టును అమ్ముకోగలదు. ప్రభుత్వానికి బాకీ, మోసం చేసి తెచ్చిన అప్పు విముక్తి తర్వాత కూడా మిగులుతాయి. జామీను సంతకం చేసినవాడు బయటపడడు, అతని మీద అప్పు అలాగే ఉంటుంది. స్నేహం కొద్దీ సంతకాలు పెట్టేవాళ్లు ఈ మాట రెండుసార్లు వినండి.

ఇక అప్పిచ్చినవాళ్లకు. ఐపీ నోటీసు వస్తే “డబ్బు పోయింది” అని మూల పడేయకండి. ఆ వాయిదాకు వెళ్లండి. దివాలా ప్రకటన అయితే, ప్రోనోటు చూపి మీ బాకీని రుజువు చేసుకోండి. రిసీవరు పంచేటప్పుడు రుజువైన బాకీల జాబితాలో ఉన్న పేర్లకే వాటా వస్తుంది.