బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టండి

అందరికీ నమస్కారం. మెకానిక్ పని నేర్చుకుంటున్న మీతో ఈ రోజు ఒక్క విషయమే గట్టిగా చెబుతాను.

పొద్దున్నే బండి సెల్ఫ్ తీసుకోకపోతే షెడ్లో మొదట వచ్చే మాట "బ్యాటరీ పోయింది, కొత్తది వేద్దాం". నేనూ అలాగే వేశాను. ఆ బండి మీద డెలివరీలు చేసుకునే కుర్రాడు రెండు నెలలకే మళ్లీ తోసుకుంటూ వచ్చాడు. అప్పుడు సైడ్ ప్యానెల్ విప్పి చూస్తే బ్యాటరీకి కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే పసుపు వైర్ల కప్లర్, అంటే వైర్లను కలిపే ప్లగ్గు, నల్లగా కాలి ఉంది. పిన్ను వదులైతే అక్కడ వేడి పుడుతుంది, ఆ వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది. బ్యాటరీ తప్పేమీ లేదు, దానికి తిండే అందలేదు. అతని డబ్బు వృథా అయిందన్న బాధ నాకింకా ఉంది.

అందుకే ముందు మీటరు, అంటే వోల్టులు కొలిచే మల్టీమీటరు. రాత్రంతా ఆగిన బండిలో మంచి బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టులు చూపాలి. తక్కువుంటే బయట ఛార్జ్ చేశాకే మిగతా పరీక్షలు చేయండి, లేకపోతే రీడింగులు మిమ్మల్ని దారి తప్పిస్తాయి. తర్వాత స్టార్ట్ చేసి, రేస్ 5000 ఆర్‌పీఎం దాకా పెంచండి. సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 15 దాటితే ఛార్జింగ్ వోల్టేజ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ని అనుమానించండి. 12 దగ్గరే ఆగిపోతే ఛార్జింగ్ లేనట్టే.

అప్పుడు ఇంజన్ ఆపి పసుపు వైర్ల కప్లర్ ఊడదీసి, మళ్లీ స్టార్ట్ చేసి, మీటరు ఏసీలో పెట్టి, పసుపు వైర్లను రెండేసి చొప్పున మూడు జతలూ చూడండి. వైర్లు చేత్తో ముట్టుకోకండి, షాక్ కొడుతుంది. ఎన్ని వోల్టులన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, కానీ మూడూ దాదాపు సమానంగా ఉండాలి. ఇంజన్ ఆపాక ఏ పసుపు వైరుకీ బాడీతో కంటిన్యుటీ, అంటే కరెంటు పారే దారి, ఉండకూడదు. ఉంటే కాయిల్ కాలినట్టు. కొన్ని చిన్న బళ్లలో సింగిల్ ఫేజ్ కాయిల్ ఉంటుంది, వాటికి సర్వీస్ మాన్యువలే చూడాలి.

కాయిల్ బాగుందంటే కప్లర్లు, ఫ్యూజు, ఎర్త్ వైరు చూడండి. ఇంజన్ నడుస్తుండగా రెగ్యులేటర్ ప్లస్ వైరుకీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య డీసీ కొలవండి. 0.3 వోల్టులు దాటితే మధ్యలో ఎక్కడో తుప్పో, వదులో ఉంది. ఓనరు ఫాగ్ లైట్లు వేయించాడేమో కూడా అడగండి. 55 వాట్లవి రెండు వేస్తే 8 ఆంపియర్లు అవే లాగేస్తాయి. ట్రాఫిక్‌లో ఐడిలింగ్ మీద కాయిల్ అంత ఇవ్వలేదు.

ఇంకొకటి, దయచేసి గుర్తుంచుకోండి. నడుస్తున్న బండికి బ్యాటరీ టెర్మినల్ పీకి "ఆగలేదు కాబట్టి ఛార్జింగ్ ఉంది" అని తేల్చే పాత అలవాటు మానేయండి. 2020 ఏప్రిల్ నుంచి మనకు బీఎస్6 బళ్లు వస్తున్నాయి, చాలావాటిలో ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్, ఉంటుంది. ఆ ఒక్క పీకుడికి వోల్టేజ్ ఎగిరి అది కాలిపోవచ్చు.

ఆ కుర్రాడి బండికి కప్లర్ తీసేసి కొత్త టెర్మినళ్లు వేశాను. 12.3 చూపిన మీటరు 14.2 చూపింది.

ఇక్కడ స్టాండ్ వేసిన బండి కూడా ఛార్జ్ కావట్లేదు. ఇద్దరు ముందుకు రండి. మీటరు డీసీ 20 మీద పెట్టండి.