రాపహానాక్ రేవులో ఒక రోజు

మిత్రులారా,

అమెరికా అంతర్యుద్ధం అనగానే మనకు లింకన్, గెటిస్‌బర్గ్ గుర్తొస్తాయి. ఈ సాయంత్రం ఒక్క నది, ఒక్క రోజు గురించే మాట్లాడతాను. వర్జీనియాలో ఫ్రెడరిక్స్‌బర్గ్‌ను ఆనుకుని పారే రాపహానాక్ నది. 1862 డిసెంబర్ 11.

ఉత్తరాది సేనాని బర్న్‌సైడ్ ముందు దళాలు నవంబర్ 17కే ఒడ్డు చేరాయి. అప్పటికి అవతల కాపలా అంతంతమాత్రమే. కానీ పడవల వంతెన సామాను రాలేదు. వారం గడిచాక అది వచ్చేసరికి దక్షిణాది సేనాని లీ సైన్యం ఊరి వెనక గుట్టల మీదికి చేరుతోంది. తర్వాతి రక్తపాతానికి బీజం ఆ వారంలోనే పడిందని నా నమ్మకం.

ఆ వంతెన ఎలా కడతారంటే, అడుగు చదునుగా ఉండే పడవను నీళ్లలోకి తోసి, లంగరేసి, వెనకటి పడవకు దూలాలతో బిగించి, పైన పలకలు పరుస్తారు. పనివాడు ఎప్పుడూ వంతెన కొసనే నిలబడాలి. చేతిలో తుపాకీ ఉండదు, పలక ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి మంచు చాటున పని మొదలైంది. సగం దాటాక అవతలి ఇళ్ల నేలమాళిగల్లోంచి దక్షిణాది సేనాని బార్క్స్‌డేల్ కింది మిసిసిపీ సైనికులు గురిపెట్టి కాల్చారు. కూలినవాళ్లు కూలగా మిగిలినవాళ్లు వెనక్కి పరిగెత్తారు. మళ్లీ పలకలెత్తుకుని వచ్చారు. ఉదయమంతా ఇదే తంతు. ఆ పనివాళ్ల ధైర్యానికి చరిత్ర ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదు.

ఉత్తరాది ఫిరంగులు దాదాపు 150 ఊరిని తగలబెట్టినా నేలమాళిగల్లోని వాళ్లు కదల్లేదు. చివరికి వంతెన పడవల్లోనే ఏడో మిషిగన్ దళం ఎక్కి, తూటాలకు ఎదురెళ్లి ఒడ్డు పట్టింది. వెనకే మసాచుసెట్స్ దళాలు. ఇరవయ్యో మసాచుసెట్స్ దళంలో యాభై గజాల వీధిలోనే 97 మంది చనిపోవడమో గాయపడటమో జరిగింది. చీకటి పడ్డాకే బార్క్స్‌డేల్ తగ్గాడు. నది దిగువన ఉన్న తన సహ సేనాని జాక్సన్ దళాల్ని రప్పించుకోవడానికి ఆ ఆలస్యం లీకి కలిసొచ్చింది. 13న బర్న్‌సైడ్ దాడి చేసినప్పుడు ఆ గుట్టల కింద ఉత్తరాది నష్టం, అంటే చనిపోయిన, గాయపడిన, ఆచూకీ లేకుండా పోయిన సైనికులు, 12,000 దాటింది.

మిసిసిపీవాళ్ల తెగువ నిజమే. కానీ వాళ్లు కాపు కాసింది బానిసత్వానికి. అదే ఏడాది ఏప్రిల్ 18న ఇదే నదిని పడవలో దాటి ఉత్తరాది సైన్యాన్ని చేరిన జాన్ వాషింగ్టన్ ఫ్రెడరిక్స్‌బర్గ్‌లోని బానిసే. ఆ వేసవిలో అలా వచ్చినవాళ్లు సుమారు 10,000 మందని చరిత్రకారుల అంచనా. ఆయన 1873లో తన కథ తానే రాసుకున్నాడు.