మొటిమల మందు ముఖమంతా రాయాలి

శ్రోతలందరికీ నమస్కారం.

మొటిమలకు పైపూతగా వాడే మందుల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. ఉన్న కాస్త సమయంలో మందులన్నిటి గురించీ చెప్పడం కుదరదు. అందుకని ఒక్క సంగతే పట్టుకుంటాను. ఆ ఒక్కటే మళ్ళీ మళ్ళీ చెబుతాను, విసుక్కోకండి. మందు రాయాల్సింది మొటిమకు కాదు, మొటిమలు వచ్చే చోటంతటికీ.

ఎందుకంటారా? ఇవాళ అద్దంలో కనిపించిన మొటిమ ఇవాళ పుట్టింది కాదు. కొన్ని వారాల కిందటే చర్మం లోపల మొదలై ఉంటుంది. ముఖం మీద సన్నటి వెంట్రుకల మొదట్లో నూనె గ్రంథులు ఉంటాయి. వాటిలో ఊరే నూనె వెంట్రుక రంధ్రంలోంచి పైకి వస్తుంది. యుక్తవయసులో హార్మోన్ల వల్ల ఆ నూనె పెరుగుతుంది. రంధ్రం లోపలి గోడ నుంచి రాలే మృతకణాలు బయటికి పోకుండా ఒకదానికొకటి అంటుకుని, నూనెతో కలిసి బిరడాలా బిగుసుకుంటాయి. అక్కడే ఎప్పుడూ ఉండే బాక్టీరియా లోపల పెరుగుతుంది. ఆ తర్వాతే ఎరుపు, వాపు, నొప్పి, చీము. అంటే నున్నగా కనిపించే చోట కూడా వచ్చే నెల మొటిమలు ఇప్పటికే తయారవుతూ ఉండొచ్చు.

నా దగ్గరికి ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. వెంట వాళ్ళమ్మగారు. సంచిలోంచి ట్యూబులన్నీ తీసి బల్ల మీద పేర్చింది. ఏ ట్యూబూ సగం కూడా అవలేదు. "ఇవన్నీ వాడాను మేడమ్, ఒక్కటీ పనిచేయలేదు" అంది. ఎన్నాళ్ళు వాడావంటే ఒక్కోటి వారం, పది రోజులు అని చెప్పింది. "సరే, రోజూ ఎలా రాసుకుంటావో ఒకసారి రాసి చూపించమ్మా" అన్నాను.

సెల్‌ఫోనును అద్దంలా పట్టుకుంది. వేలి కొసన మందు తీసుకుని, ఎర్రగా ఉన్న ప్రతి మొటిమ మీదా దళసరిగా ఒక్కో చుక్క పెట్టింది. చుక్క పెట్టిన చోట్ల చర్మం అప్పటికే పొట్టు లేచి మండుతోంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఉన్న చర్మానికి మందు తగలనే లేదు. దీపం పక్క నుంచి వేసి చూస్తే నుదురంతా సన్నసన్న గింజలు. ఎరుపు లేదు, నొప్పి లేదు, చర్మం రంగులోనే ఉన్నాయి. "ఇక్కడ వేలు పెట్టి చూడు" అన్నాను. తడిమి, "అవును, గరగరలాడుతోంది" అంది. ఆ గరుకే అసలు జబ్బు. మందు అక్కడ పడాలి.

ఆ ట్యూబుల్లోంచే ఒకటి ఏరాను. అడాపలీన్ 0.1 శాతం జెల్. రంధ్రం మూసుకుపోకుండా చూసే రెటినాయిడ్ మందు ఇది. మిగతావన్నీ పక్కన పెట్టించి, రాసే పద్ధతి చెప్పాను. అదే మీకూ చెబుతాను. రాత్రి ముఖం కడుక్కుని, మెత్తగా అద్దుకుని, తడి పూర్తిగా ఆరనివ్వాలి. ముఖం మొత్తానికి బఠాణీ గింజంత మందు చాలు. దాన్ని నుదుటి మీద, రెండు బుగ్గల మీద, ముక్కు మీద, గడ్డం మీద చుక్కలుగా పెట్టి పల్చగా పరచాలి. కళ్ళ చుట్టూ, పెదవుల దగ్గర, ముక్కు పక్క మడతల్లో వద్దు. మొదట్లో రాత్రి మార్చి రాత్రి రాస్తే చాలు. పైన మాయిశ్చరైజర్ రాసుకోవచ్చు. పగలు ఎండలోకి వెళితే సన్‌స్క్రీన్ తప్పదు.

నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చింది, కళ్ళనిండా నీళ్ళతో. "ఇంకా ఎక్కువయ్యాయి మేడమ్." మొదటి వారాల్లో కొందరికి అలా అవుతుంది. ఇంతకుముందు ప్రతి ట్యూబునూ తను అవతల పెట్టేసింది సరిగ్గా ఈ దశలోనే. మందు పనిచేస్తోందా లేదా అని తేల్చుకోవడానికి 12 వారాలు కావాలి. ఆ మాట ముందే గట్టిగా చెప్పి పంపితే సగం మంది మధ్యలో మానేయరని నా నమ్మకం. ఈ అమ్మాయి మానలేదు. మూడు నెలల తర్వాత నుదుటి మీద వేలు వేసి చూస్తే నున్నగా ఉంది. పాత మొటిమల మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి, వాటికి ఇంకా నెలలు పడుతుంది.

ఇక్కడ ఒక్కమాట. మొదటిరోజు వాళ్ళమ్మగారు, "ఈ వయసులో అందరికీ వచ్చేవే కదండీ, అవే పోతాయి" అన్నారు. ఆవిడ ప్రేమతోనే అన్నారు. కానీ మొటిమలు పోయినా, లోతుగా పడిన గుంటలు పోవు. పిల్ల తల వంచుకుని తిరుగుతోందంటే ఆ బాధ చిన్నదేం కాదు. దయచేసి కొట్టిపారేయకండి.

మిగతా మందుల గురించి రెండు ముక్కలు. బెంజాయిల్ పెరాక్సైడ్ బాక్టీరియాను చంపుతుంది, దానికి బాక్టీరియా అలవాటు పడిపోదు. 2.5 శాతం మందు చేసే మేలు ఇంచుమించు 10 శాతం మందు చేసేంత ఉంటుంది, మంట మాత్రం తక్కువ. రంగు బట్టలకు తగిలితే రంగు పోతుంది కాబట్టి తెల్ల తువ్వాలు, తెల్ల దిండు గలీబు వాడండి. క్లిండామైసిన్ లాంటి యాంటిబయాటిక్ జెల్ ఒక్కటే నెలల తరబడి రాస్తే బాక్టీరియా దానికి లొంగకుండా తయారవుతుంది. దానికి తోడుగా బెంజాయిల్ పెరాక్సైడ్ ఉండాలి. వీటినైనా మొటిమ మొటిమకీ చుక్క పెట్టకండి, వచ్చే చోటంతా పల్చగా రాయండి.

స్టెరాయిడ్ కలిసిన క్రీముల విషయంలో మాత్రం నేను మెత్తగా చెప్పలేను. నాలుగు రోజుల్లో ముఖం తేటపడినట్టే ఉంటుంది. తర్వాత చర్మం పల్చబడుతుంది, ఎర్రబారుతుంది, ఆ మందు వల్లే కొత్త మొటిమలు వస్తాయి. ఎవరో వాడారని తెచ్చుకోకండి. ఇప్పటికే చాలాకాలంగా రాస్తుంటే డాక్టరును అడిగి మానండి, ఒక్కసారిగా ఆపితే మంట, ఎరుపు విజృంభించవచ్చు.

గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటి రెటినాయిడ్ మందులు వాడకూడదు. వాళ్ళకు అజలాయిక్ ఆమ్లం ఉన్న క్రీము ఉంది, మొటిమల తర్వాత మిగిలే నల్లమచ్చలకూ అది పనికొస్తుంది. డాక్టరును అడిగి వాడండి.

ఇక చర్మం లోతున గడ్డల్లా లేచి, ముట్టుకుంటే ప్రాణం పోయేలా నొప్పెట్టే మొటిమలు, గుంటలు పడుతున్న మొటిమలు. వీటికి పైపూత ఒక్కటే సరిపోదు, లోపలికి మాత్రలు కావాలి. నేను చెప్పిన 12 వారాల ఓపిక వాటికి వర్తించదు. ఆలస్యం చేయకుండా చర్మవైద్యులకు చూపించండి.