పానుగంటి వారి ‘సాక్షి’ సంపుటాలను ఆర్కైవ్‌లో వెతికే పద్ధతి

నమస్కారం. విశాఖపట్నంలో సముద్రపు గాలికి, తేమకు పాత పుస్తకాలు ఎంత త్వరగా పసుపెక్కి పొడిపొడిగా రాలిపోతాయో ఇక్కడివారికి తెలుసు. మా ఇంటి అలమరలోని పానుగంటి లక్ష్మీనరసింహారావు గారి ‘సాక్షి’ వ్యాసాల ప్రతి అలాగే చేతిలోనే విరిగిపోయింది కాబట్టి, ఆ సంపుటాలను, పాత పుస్తకాల స్కాన్లు ఉచితంగా దొరికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకడం ఈరోజు చూపిస్తాను.

బ్రౌజర్ తెరవండి, ఆర్కైవ్‌కు వెళ్లండి, వెతికే పెట్టె ఇక్కడ ఉంది. ఖాతా అవసరం లేదు.

ఇప్పుడు నెమ్మదిగా చూడండి, ఎందుకంటే నేను తప్పిపోయింది ఇక్కడే. తెలుగు లిపిలో ‘సాక్షి’ అని టైపు చేస్తే మనకు కావలసినవి చాలావరకు రావు, ఎందుకంటే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన పాత స్కాన్లకు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి. ఎస్ తర్వాత ఏ ఒకటి పెట్టి ఒకసారి, రెండు పెట్టి మరొకసారి వెతకండి. 2008లో మొదలైన దినపత్రిక పేరు కూడా ఇదే కనుక, పక్కన పానుగంటి ఇంటిపేరు తప్పనిసరిగా చేర్చండి.

ఫలితాలు వచ్చాయి. ఒకే పేరుతో ఎన్ని ఉన్నాయో చూడండి! నేను మొదటిసారి వీటిలో రెండింటిని దించుకుని, రెండు సంపుటాలు దొరికాయని సంబరపడి, చదవబోతే రెండూ ఒకే సంపుటమని తెలిసింది. కాబట్టి పేరును నమ్మకండి. స్కాన్ తెరిచి, అట్ట దాటి, ముఖపత్రం మీద ఎన్నో సంపుటమో, ఏ సంవత్సరపు ముద్రణో చూసిన తర్వాతే దించుకోండి. మరోసారి చెబుతున్నాను, ముఖపత్రం చూడండి. ఈ వ్యాసాలు 1913లో ‘సువర్ణలేఖ’లో మొదలై, తరువాత ‘ఆంధ్రపత్రిక’లో కొనసాగి, ఆ పైన సంపుటాలుగా వచ్చాయి కనుక, ఒక వ్యాసం పేరు తెలిసినంత మాత్రాన అది ఏ సంపుటంలో ఉందో ఊహించలేము.

దించుకున్న ఫైలులో కంట్రోల్ ఎఫ్ నొక్కి మాటలు వెతకడం చాలాసార్లు కుదరదు, ఎందుకంటే అవి పుటలను స్కాన్ చేసిన బొమ్మలు. నాకు ఇష్టమైన దారి, పాత పుస్తకాల పాఠాన్ని టైపు చేసి ఉంచే తెలుగు వికీసోర్స్. అక్కడ టైపు చేసిన పాఠం ఉన్నంత మేరకు మాటలతో వెతకవచ్చు. ఈ వ్యాసాల్లోని పాత్రలైన సాక్షి సంఘ సభ్యుల్లో కాలాచార్యుడు, వాణీదాసు పేర్లు సులువే గానీ, బొఱ్ఱయ్యసెట్టి పేరు మాత్రం బండి ఱతో టైపు చేయండి. నా కీబోర్డులో ఆ అక్షరం ఎక్కడుందో కనుక్కోవడానికే ఒక సాయంత్రం పట్టింది, అందుకని ఇప్పుడు దానిని ఒక నోట్‌లో రాసిపెట్టుకుని, అక్కడి నుంచి కాపీ చేసుకుంటున్నాను.

ఇదిగో, ‘స్వభాష’ వ్యాసం తెరుచుకుంది. ఆ సంఘంలోని మరో సభ్యుడు జంఘాలశాస్త్రి ఉపన్యాసాన్ని బిగ్గరగా చదివితేనే అందులోని వెటకారం చెవికి అందుతుంది కనుక, వీడియోను ఇక్కడ ఆపి మొదటి పుట పైకి చదవండి.