బంపర్ రూల్ చదవాలంటే దారం కావాలి

అందరికీ నమస్కారం. రోబోలో మోటార్లకీ, కోడ్‌కీ ఉన్న గ్లామర్ బంపర్‌కి, అంటే గుద్దుకున్నా దెబ్బ తగలకుండా ఫ్రేము చుట్టూ కట్టే మెత్తటి కవచానికి, లేదు. చివరి వారంలో ఖాళీగా కనబడ్డవాడి నెత్తిన పడేస్తారు. తీరా పోటీకి ముందు జరిగే ఇన్‌స్పెక్షన్‌లో బండి ఆగిపోయేది దీని దగ్గరే.

విద్యార్థుల రోబో పోటీ ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ 2019 మాన్యువల్, అంటే రూల్స్ పుస్తకం, తీసుకుందాం. అంకెలు ఏటా మారతాయి, చదివే పద్ధతి మారదు. ప్రతి బయటి మూలకీ రెండు వైపులా కనీసం 6 అంగుళాల బంపర్ ఉండాలన్నారు. మా ఫ్రేము ముందువైపు తెరిచిన 'యు' ఆకారంలో ఉండేది, బంతి లోపలికి రావాలి కదా. ఆ 'యు'కి ఒక్కో చేయి వెడల్పు 4 అంగుళాలే. మిగతా 2 అంగుళాలు నోటి లోపలికి మడిచేశాం. లెక్క సరిపోయిందని సంబరపడ్డాం కూడా.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి దారం తీసి ఫ్రేము చుట్టూ బిగించాడు. దారం 'యు' లోపలికి వెళ్లదు, ఈ కొస నుంచి ఆ కొసకి తిన్నగా పోతుంది. మాన్యువల్ దృష్టిలో ఫ్రేము అంచు అంటే ఆ దారమే. 6 అంగుళాలు దాని వెంబడే కొలవాలి. పోనీ బంపర్‌ని గాల్లోకి సాగదీద్దామా అంటే, బంపర్ వెనకుండే చెక్క చివరన కనీసం అర అంగుళం ఫ్రేముకి ఆనాలట! ఆ రాత్రి 'యు' చేతులకి అల్యూమినియం ముక్కలు బిగించి వెడల్పు చేశాం.

ఇక ఆ వెనక చెక్క, ప్లైవుడ్. ముప్పావు అంగుళం మందం, 'నామినల్' అన్నారు. మందం కొలిచే కాలిపర్ పెడితే 23/32 అంగుళం చూపిస్తుంది, కంగారు పడకండి. ముప్పావు పేరుతో అమ్మే చెక్క అయితే చాలని ఆ మాటకి అర్థం. ఎత్తు 5 అంగుళాలు, అర అంగుళం అటూ ఇటూ ఒప్పుకున్నారు. చెక్క చివర్లలో ఫ్రేముకీ దానికీ మధ్య సందు మాత్రం పావు అంగుళం దాటకూడదు. అక్కడ నామినల్ లేదు, అటూఇటూ లేదు. ఒకే బంపర్‌లో మూడు రకాల పట్టింపులు! కొలత పక్కనున్న చిన్న మాటని ఎగరేసి చదివితే చిక్కే.

"పోయినేడు ఒప్పుకున్నారుగా" అన్న వాదన అస్సలు తేకండి. పాత రూల్‌ని బట్టి ఊహించుకోవద్దని మాన్యువలే చెబుతుంది. నిజంగా అర్థం కాకపోతే అధికారిక ప్రశ్నోత్తరాల్లో అడగండి. "మా డిజైన్ చెల్లుతుందా?" అంటే తేల్చి చెప్పరు, ఫలానా రూల్‌లో ఫలానా పదానికి అర్థమేమిటని అడగాలి.

సరే, ఫ్రేములు ఇటు పట్టుకురండి. దారం నా దగ్గరుంది.