పులుసు చట్టిలో ఎరుపు

అక్కలకు, అన్నలకు, వెనక నిలబడ్డ పిల్లకాయలకు నమస్కారం.

ఈ కావలిలోనే 30 ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పాను. వైద్యుణ్ణి కాను. నా చేతిలో ఉన్న ఈ డబ్బా చూడండి. నిన్న ఇందులో టమోటా కూర పెట్టారు. పొద్దున పీచు పెట్టి రెండుసార్లు తోమినా ఈ నారింజ రంగు మరక వదల్లేదు. ఇప్పుడు వేలికి రెండు చుక్కలు శనగనూనె అంటించుకుని రుద్దుతున్నాను. చూశారా, రంగంతా నూనెలోకి దిగింది. ఇందులో మిరపకాయ వాటా కొంత ఉంది, మిగతాది టమోటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ అనే పదార్థం. అది నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

లైకోపీన్ అంటే 40 కర్బన పరమాణువుల పొడుగాటి గొలుసు. అందులో 11 జంట బంధాలు ఒకటి విడిచి ఒకటి వరసగా ఉంటాయి. పండుకు ఎరుపు వచ్చేది వాటి వల్లే. మన ఒంట్లో ఆక్సిజన్ కొన్నిసార్లు రెచ్చిపోయి కణాల పైపొరల్ని, వాటిలోని కొవ్వుల్ని దెబ్బతీస్తుంది. ఆ ఉద్రేకాన్ని చల్లార్చేదీ ఆ బంధాలే. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ లాగా ఇది విటమిన్ ఎ గా మారదు. దీన్ని మన శరీరం తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి.

వండని టమోటాలో లైకోపీన్ కణాల లోపల గట్టిగా ఇరుక్కుని ఉంటుంది. 1992లో జర్మనీలో స్టాల్, సీస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు టమోటా రసంలో కాస్త మొక్కజొన్న నూనె కలిపి, గంటసేపు కాచి తాగించారు. తాగినవాళ్ళ రక్తంలో లైకోపీన్ పెరిగింది. కాచని రసం తాగితే పెరగలేదు. ఆ ఫలితం మొదటిసారి చదివినప్పుడు నాకు మా అమ్మ చేపల పులుసే కళ్ళముందు మెదిలింది. మట్టి చట్టిలో నూనె పోసి, ఎర్రగడ్డలు వేగాక టమోటాలు వేసి, నూనె తేలేదాకా మగ్గనిచ్చి, ఆ తర్వాతే చింతపండు పులుసు పోసేది. చివర్లో మామిడికాయ ముక్కలు. మన నెల్లూరు ఆడవాళ్ళు రుచి కోసం చేసిన పని లైకోపీన్ ఒంటబట్టడానికి సరిగ్గా సరిపోయింది. కాస్తే విటమిన్ సి కొంత పోతుంది, నిజమే. దానికి నిమ్మకాయ ఉంది కదా!

పుచ్చకాయకు ఈ శ్రమ కూడా అక్కర్లేదు, అందులోని లైకోపీన్ పచ్చిగా తిన్నా అందుతుంది. ఎర్ర గుజ్జు జామకాయలోనూ బాగా ఉంటుంది. ఎండాకాలం టమోటాలు తొడిమ దగ్గర పసుపుగానే ఉండిపోతాయి, గమనించారా? వేడి 30 డిగ్రీలు దాటి ముదిరితే కాయలో లైకోపీన్ తయారీ మందగిస్తుంది. అప్పుడు బాగా ఎర్రబడినవి ఏరుకోండి.

ఇక జబ్బుల సంగతి. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. 1995లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 47 వేల మందికి పైగా మగవాళ్ళ తిండిని పరిశీలించి, టమోటా వంటకాలు, ముఖ్యంగా ఉడికించిన టమోటా సాస్, ఎక్కువగా తిన్నవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్, అంటే మగవాళ్ళకు మూత్రసంచి కింద ఉండే గ్రంథికి వచ్చే క్యాన్సర్, తక్కువగా కనిపించిందని చెప్పారు. కానీ అలా తినేవాళ్ళ మిగతా అలవాట్లూ మంచివి కావచ్చు. 2005లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ సాక్ష్యాలన్నీ తూచి, టమోటాలు తింటే ఆ క్యాన్సర్ ముప్పు తగ్గవచ్చేమో అనే చాలా పరిమితమైన మాట మాత్రమే ఒప్పుకుంది. లైకోపీన్ మాత్రలు క్యాన్సర్‌ను ఆపుతాయనడానికి నమ్మదగ్గ ఆధారం లేదంది. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్ళకు బీటా కెరోటిన్ మాత్రలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. లైకోపీన్ కూడా అలాగే చేస్తుందని నేననడం లేదు. పండులో మంచిదని మాత్రలోనూ మంచిదే అనుకోవద్దంటున్నాను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా చిన్నాయనకు రాత్రిళ్ళు మూత్రానికి ఐదారుసార్లు లేవాల్సి వచ్చేది. డాక్టరు దగ్గరికి పోవడానికి సిగ్గుపడి, ఎవరో చెప్పారని లైకోపీన్ గోలీల సీసా తెచ్చుకున్నాడు. ఎనిమిది నెలలు మింగాడు. ఒకనాడు మూత్రం పూర్తిగా బిగుసుకుపోతే అర్ధరాత్రి ఆటోలో తీసుకుపోయాం. ఆ దారంతా ఆయన నా చెయ్యి వదల్లేదు. మగవాళ్ళకు చేతులెత్తి చెబుతున్నాను, ఈ బాధ వస్తే దాచుకోవద్దు.

కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం టమోటా ఎంత తినాలో డాక్టర్ని అడగండి, దాంట్లో పొటాషియం ఉంటుంది. నిలవ పచ్చడిలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళు తగ్గించుకోండి.

చిన్నాయన ఇప్పుడు డాక్టరిచ్చిన మందు వేసుకుంటున్నాడు. ఆదివారం పులుసు మాత్రం మానలేదు.