హెడ్‌ఫోన్ చెవికి, ఆంప్లిఫయర్ లెక్కకు

అందరికీ నమస్కారం.

సంగీతం విషయంలో చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లం అదృష్టవంతులం. డిసెంబరు సీజన్ వచ్చిందంటే మైలాపూర్‌లో ఏ సభకు వెళ్లినా మన భాషలోని కీర్తనలే వినిపిస్తాయి. పాత తెలుగు సినిమా పాటలు చాలావరకు ఈ ఊరి స్టూడియోల్లోనే రికార్డయ్యాయి. తంబుర జీవ, అంటే ఆ తీగల ఝంకారం, ఎలా ఉంటుందో, మృదంగం ఎడమ పక్కన రవ్వ ముద్ద అద్దాక గుమ్కీ అనే జారే నాదం ఎంత లోతుగా వస్తుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. ఖరీదైన హెడ్‌ఫోన్ మంచిదో కాదో తేల్చడానికి కావలసినది మీ చెవుల్లో ముందే ఉంది. చాలామంది దాన్ని వాడుకోరు, అదే నా బాధ.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. హెడ్‌ఫోన్‌ని చెవిని నమ్మి కొనాలి, ఆంప్లిఫయర్‌ని లెక్క చూసి కొనాలి. మనవాళ్లు సరిగ్గా దీన్ని తారుమారు చేస్తున్నారు. హెడ్‌ఫోన్ కొనేటప్పుడు డబ్బా మీద రాసిన అంకెలు చూస్తారు, ఎవరో ఇచ్చిన రేటింగ్ చూస్తారు. ఆంప్ దగ్గరికి వచ్చేసరికి ‘దీని సౌండ్ వెచ్చగా ఉంటుందట, దానిది చల్లగా ఉంటుందట’ అని మాటలు నమ్ముతారు.

ముందు తొలి వినికిడి సంగతి చూద్దాం. కొత్త హెడ్‌ఫోన్ పెట్టుకోగానే ఎవరి నోటి నుంచైనా వచ్చే మాట, ‘ఇదివరకు వినపడనివన్నీ వినపడుతున్నాయి!’ అని. ఆ మాట నిజమే కావచ్చు. అయితే తొంభై పాళ్లు దాని వెనక ఉండేవి రెండు కారణాలు. ఒకటి, పాతదానికన్నా ఇది కాస్త గట్టిగా మోగుతోంది. రెండు, పై స్థాయి శబ్దాలు దీంట్లో కొంచెం ఎక్కువ. డెసిబెల్ అంటే మోతకు కొలత. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా మన చెవి దాన్ని ‘గట్టిగా ఉంది’ అని గుర్తుపట్టదు, ‘స్పష్టంగా ఉంది’ అనుకుంటుంది. పైగా వాల్యూమ్ పెరిగేకొద్దీ అడుగు స్వరాలు, పై స్వరాలు మనకు మరింత నిండుగా తోస్తాయి. అందువల్ల షాపులో రెండు హెడ్‌ఫోన్లు పోల్చేటప్పుడు ముందుగా రెండింటి మోత సమానం చేసుకోండి. ఒకే పాటలో ఒకే చరణం దగ్గర, గాయకుడి గొంతు రెండింట్లోనూ ఒకే స్థాయిలో వినపడేలా నాబ్ సరిచేసి, అప్పుడు మాట్లాడండి. ఈ ఒక్క పని చేస్తే సగం ‘అద్భుతాలు’ మాయమవుతాయి. మిగిలిన సగం నిజమైనవి.

సెన్‌హైజర్ కంపెనీ హెడ్‌ఫోన్ హెచ్‌డి 800 ఎస్ సంగతే తీసుకుందాం. దీనికి మూలమైన హెచ్‌డి 800 వచ్చింది 2009లో. దాని డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే భాగం, వలయాకారంలో, 56 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటుంది. చెవికి సూటిగా ఎదురుగా కాకుండా కాస్త ముందుకు, ఏటవాలుగా బిగించి ఉంటుంది. అందుకే శబ్దం తల లోపల ఇరుక్కున్నట్టు కాక, కాస్త ఎడంగా బయట ఉన్నట్టు అనిపిస్తుంది. కచేరీలో గాయకుడికి కుడి పక్కన మృదంగం, ఎడమ పక్కన వయొలిన్ కూర్చుంటాయి కదా. అంటే శ్రోతలకు మృదంగం ఎడమ వైపు, వయొలిన్ కుడి వైపు. జాగ్రత్తగా చేసిన స్టీరియో రికార్డింగ్ అయితే ఈ హెడ్‌ఫోన్‌లో ఆ ముగ్గురి మధ్య ఉన్న చోటు కూడా తెలుస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు ఆ వెడల్పుకే పడిపోతారు. నేనూ దాన్ని ఇష్టపడతాను.

అయితే అక్కడ ఆగకండి. గొంతులో ‘స’, ‘ష’, ‘శ’ వినండి. 2009 నాటి మోడల్‌లో 6 వేల హెర్ట్జ్ దగ్గర, అంటే పై స్థాయి శబ్దాల్లో, ఒక ఎత్తు ఉండేది, అక్కడ మోత అవసరానికి మించేది. ఆ మూడు అక్షరాలు వచ్చినప్పుడల్లా చెవిలో సన్నగా గుచ్చుకునేది. 2016లో వచ్చిన ‘ఎస్’ మోడల్‌లో ఆ ఎత్తును పీల్చుకునే ఏర్పాటు పెట్టి చాలావరకు తగ్గించారు. సకారాలు ఎక్కువున్న చరణం ఒకటి వింటే చాలు, ఈ రెండు మోడళ్ల తేడా గ్రాఫు చూడకుండానే మీకు తెలిసిపోతుంది. ఇంకో సంగతి. మీరు వినేది ఎక్కువగా 1950లు, 60ల నాటి సినిమా పాటలైతే అవి మోనో, అంటే రెండు చెవులకూ ఒకటే శబ్దం. ఘంటసాల గొంతు నడి నెత్తిన నిలబడుతుంది, అంతే. ఆ వెడల్పుకు మీరు కట్టిన డబ్బు ఆ పాటల్లో పని చెయ్యదు. అలాంటి శ్రోతకు నేనైతే 1997 నుంచి వస్తున్న హెచ్‌డి 600 చాలంటాను. గొంతు దగ్గర దానికి సాటి వచ్చేవి, దానికి ఎన్నో రెట్లు ధర ఉన్నవాటిలో కూడా తక్కువ.

ఇక ఆడెజీ ఎల్‌సీడీ ఎక్స్ లాంటి ప్లేనార్ రకాలు. వీటిలో కోన్ ఉండదు. పల్చటి పొర మీద తీగ పరిచి, దాని పక్కన అయస్కాంతాల వరస పెడతారు. పొర అంతా ఒక్కసారిగా కదులుతుంది. మృదంగం ఎడమ పక్క దెబ్బ పడి, గుమ్కీ పైకి జారి ఆగిపోయే క్షణాన్ని ఇవి పట్టి చూపిస్తాయి, తోక లాగకుండా. అయితే బరువు 600 గ్రాముల పైమాటే. పది నిమిషాల తొలి వినికిడిలో మెడ ఏమీ అనదు. రెండు గంటల కచేరీ రికార్డింగ్ పెట్టుకుంటే అప్పుడు అంటుంది. మే నెల చెన్నైలో తోలు ప్యాడ్ల కింద చెమట సంగతి వేరే చెప్పాలా? ఇలాంటి హెడ్‌ఫోన్లు చాలావరకు ఓపెన్ రకం, బయటి చప్పుడును ఆపవు. తలపై తిరిగే ఫ్యాను, కిటికీ ఏసీ రెండూ పాటలో కలుస్తాయి. నిశ్శబ్దమైన షాపు గదిలో విన్న పల్లవి ముగింపులోని తంబుర మీ ఇంట్లో ఫ్యాను కింద వినపడకపోతే తప్పు హెడ్‌ఫోన్‌ది కాదు. ఫ్యాను ఆపలేని ఇల్లయితే, ఎంత పొగిడినా సరే, ఓపెన్ రకం మీకు కాదు.

కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు ఒక మాట. కళ్లజోడు కాడ ప్యాడ్ కింద సందు చేస్తుంది. క్లోజ్డ్ రకాల్లో, ప్లేనార్ రకాల్లో ఆ సందు గుండా అడుగు స్వరాలు కారిపోతాయి. ‘బేస్ లేదు’ అని తీర్పు చెప్పేముందు కళ్లజోడు తీసి ఒకసారి వినండి.

‘వంద గంటలు ఆడిస్తే సౌండ్ విచ్చుకుంటుంది’ అనే మాట మీరు వినే ఉంటారు. వాడగా వాడగా ప్యాడ్లు మెత్తబడి డ్రైవర్ చెవికి దగ్గరవుతుంది, దానివల్ల కొంత మార్పు ఉంటుంది. మిగతాదంతా మన చెవి అలవాటు పడటమే అని నా నమ్మకం. అందుకే కుదిరితే కొత్తది కొన్నాళ్లు వాడి, ఆ తర్వాత మళ్లీ పాతది పెట్టుకోండి. పాతదాంట్లో ఏది లోటుగా అనిపిస్తుందో అదే కొత్తది నిజంగా ఇచ్చినది. ఏమీ లోటు అనిపించకపోతే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

ఇప్పుడు లెక్క. ‘300 ఓమ్స్ హెడ్‌ఫోన్, పెద్ద ఆంప్ కావాలి, 60 ఓమ్స్‌ది అయితే ఫోను చాలు’ అని అందరూ అంటారు. దీన్ని మీరు దయచేసి మరచిపోండి. చూడవలసినవి రెండు అంకెలు. ఒకటి ఇంపిడెన్స్, అంటే హెడ్‌ఫోన్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో ఓమ్స్‌లో చెప్పేది. రెండోది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన వోల్టేజీకో శక్తికో ఎంత మోత వస్తుందో చెప్పేది. ఆ రెండూ కలిపి చూస్తేనే అర్థం. పాటలో అత్యంత గట్టి క్షణం 110 డెసిబెల్స్ దాకా పోవచ్చని, అంత దాకా చీలిక లేకుండా ఆంప్ మోయాలని పెట్టుకుందాం. హెచ్‌డి 800 ఎస్ 300 ఓమ్స్, 1 వోల్టుకు 102 డెసిబెల్స్. దానికి కావలసింది సుమారు 2.5 వోల్టులు, 8 మిల్లీ ఆంపియర్లు, అంటే 21 మిల్లీవాట్లు. ఎల్‌సీడీ ఎక్స్ 20 ఓమ్స్, 1 మిల్లీవాట్‌కు 103 డెసిబెల్స్. దానికి 0.3 వోల్టు, 16 మిల్లీ ఆంపియర్లు, 5 మిల్లీవాట్లు చాలు. హైఫైమాన్ కంపెనీ ప్లేనార్ హెడ్‌ఫోన్ సుస్వర 60 ఓమ్స్, 1 మిల్లీవాట్‌కు 83 డెసిబెల్స్. దానికి 5.5 వోల్టులు, 90 మిల్లీ ఆంపియర్లు, మొత్తం 500 మిల్లీవాట్లు. చూశారా, 60 ఓమ్స్‌ది 300 ఓమ్స్‌దానికన్నా 24 రెట్లు తింటోంది. ఫోనుకు తగిలించే వేలెడంత డాంగిల్ 2 వోల్టులు ఇవ్వగలిగితే హెచ్‌డి 800 ఎస్‌ను 108 డెసిబెల్స్ దాకా తీసుకెళ్తుంది. ఇంట్లో వినడానికి అది ఎక్కువే. అదే డాంగిల్ సుస్వర దగ్గర చతికిలబడుతుంది.

ఆంప్ డబ్బా మీద ‘1 వాట్’ అని ఉంటే ఎన్ని ఓమ్స్ దగ్గర అని అడగండి. సాధారణంగా 32 దగ్గర. అంటే 5.7 వోల్టులు. అదే వోల్టేజీతో 300 దగ్గర వచ్చేది 0.1 వాట్ మాత్రమే. తప్పేమీ లేదు, కానీ ఆ అంకె తెలిసి కొనాలి.

రెండో లెక్క ఆంప్ ఔట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే ఆంప్ తన లోపలే కరెంటుకు పెట్టే అడ్డు. హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకపోతే మంచిదని అందరూ పాటించే సూత్రం. 1996లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం (ఐఈసీ 61938) మాత్రం 120 ఓమ్స్ సూచించింది. పాత రిసీవర్లలో ఇంకా ఎక్కువ కూడా ఉండేది. అలాంటి జాక్‌లో హెచ్‌డి 800 ఎస్ పెడితే ఏమవుతుందో చూడండి. దాని ఇంపిడెన్స్ అన్నిచోట్లా 300 ఉండదు, 100 హెర్ట్జ్ చుట్టుపక్కల 500 దాటుతుంది. అక్కడ దానికి వోల్టేజీ ఎక్కువ వాటా దక్కి, అడుగు స్వరాలు ఒక డెసిబెల్ పైచిలుకు పెరుగుతాయి. వాల్వ్ (గాజు ట్యూబు) ఆంపుల ‘వెచ్చదనం’లో కొంత భాగం ఇదే. అది నచ్చితే సంతోషంగా కొనుక్కోండి, మంత్రం మాత్రం కాదు. ట్రాన్స్‌ఫార్మర్ లేని వాల్వ్ ఆంపులు 300, 600 ఓమ్స్ వాటికి బాగా కుదురుతాయి. వాటికి 20 ఓమ్స్ ప్లేనార్ తగిలించకండి. 120 ఓమ్స్ ఔట్‌పుట్‌లో ఎల్‌సీడీ ఎక్స్ పెడితే దాని స్వభావం పెద్దగా మారదు గాని వోల్టేజీలో ఏడో వంతే దానికి చేరుతుంది.

స్పెక్ ఇవ్వని ఆంప్ అయితే మీరే కొలవచ్చు. ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కు వెళ్లండి, మామూలు మల్టీమీటరు, 33 ఓమ్స్ రెసిస్టర్ రెండూ దొరుకుతాయి. 300 హెర్ట్జ్ టోన్ ఆడించి, జాక్ దగ్గర ఖాళీగా 1 వోల్టు వచ్చేలా నాబ్ పెట్టండి. చౌక మీటర్లు 1000 హెర్ట్జ్ దగ్గర తప్పు చూపించవచ్చు, అందుకే 300. ఇప్పుడు రెసిస్టర్ తగిలించండి. 0.87కు పడితే ఔట్‌పుట్ ఇంపిడెన్స్ 5 ఓమ్స్, సగానికి పడితే 33. రెండు ఆంపులను పోల్చేటప్పుడు కూడా హెడ్‌ఫోన్ తగిలించి ఉంచి ఇదే మీటరుతో వోల్టేజీ సమానం చేసుకోండి. సమానం చేశాక కూడా తేడా స్పష్టంగా తెలిస్తే, అది నిజమైన తేడా. చాలాసార్లు తెలియదు.

ఇక నాబ్. చౌక వాల్యూమ్ కంట్రోల్ అడుగున రెండు చానళ్లను సమానంగా తెరవదు. దీన్ని పట్టడానికి పాత మోనో పాటకు మించిన పరికరం లేదు. రాత్రిపూట వినేంత చిన్న స్థాయిలో పెట్టండి. గొంతు నడిమధ్యన ఉండాలి. ఎడమకో కుడికో ఒరిగితే ఆ ఆంప్ గెయిన్, అంటే శబ్దాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క, మీ హెడ్‌ఫోన్‌కు ఎక్కువన్నమాట. లో గెయిన్ స్విచ్ ఉంటే వేయండి, లేకపోతే ఆ ఆంప్ వద్దు. ఎల్‌సీడీ ఎక్స్ లాంటి చురుకైన వాటితో పాట ఆపేసి, నాబ్ సగానికి తిప్పి వినండి. స్స్ మనే శబ్దం వస్తే అదీ వద్దు.

గుయ్ మనే శబ్దం వస్తే తప్పు ఆంప్‌ది కాకపోవచ్చు. మన పాత అపార్ట్‌మెంట్లలో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. ఆంప్ డబ్బా మీద చెయ్యి వేస్తే గుయ్ తగ్గిందా? ఎర్త్ అందటం లేదని అనుమానించి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకితే పోయిందా? అది గ్రౌండ్ లూప్ కావచ్చు, అంటే రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య కరెంటు తిరగడం. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ఆంప్ అయితే ప్లగ్గు పెట్టేముందు వెనక రాసింది చూడండి. 115 వోల్టులకే చేసిందైతే మన 230కి ఒక్క క్షణంలో పోతుంది.

ఒక్కో చెవికి విడిగా రెండు తీగలుండే బ్యాలెన్స్‌డ్ జాక్ గురించి ఎక్కువ చెప్పను. సాధారణంగా వోల్టేజీ రెట్టింపు దాకా ఇస్తుంది, సుస్వర లాంటివాటికి పనికొస్తుంది. మిగతావాటికి అవసరం లేదు.

డబ్బులో పెద్ద వాటా హెడ్‌ఫోన్‌కే పెట్టండి. ఆంప్‌కు పైన చెప్పిన లెక్కలు, పరీక్షలు సరిపోతే ఆగిపోండి. 110 డెసిబెల్స్ అన్నది ఆంప్ సత్తాకు పెట్టిన లెక్క, మీరు వినవలసిన స్థాయి కాదు. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. మంచి హెడ్‌ఫోన్‌లో చీలిక లేదు కాబట్టి ఎంత గట్టిగా పెట్టామో తెలియదు. ఈ విషయంలో మాత్రం మీ చెవిని కూడా నమ్మకండి, గడియారం చూసుకోండి.

ఇప్పుడు విందాం. ఎడమ బల్ల మీద హెచ్‌డి 600, హెచ్‌డి 800 ఎస్ ఉన్నాయి, కుడి బల్ల మీద ఎల్‌సీడీ ఎక్స్. మోత సమానం చేసి ఉంచాను, నాబులు కదపకండి. ప్రతి దానిలో ముందు మోనో పాట, తర్వాత కచేరీ ముక్క వస్తాయి. కళ్లజోడు ఉన్నవాళ్లు రెండు విధాలా వినండి. ఫ్యాన్లు పది నిమిషాలు ఆపుతున్నాం, కాస్త ఓర్చుకోండి. మీరు మీ ఆంప్ మోడల్ చెబితే లెక్క ఇక్కడే కాగితం మీద వేసిస్తాను.